కొడుకు తలుపుకి అంటించిన కాగితం

కోర్టులో ఆయన్ని అందరూ జిగురాయన అనేవారు. ముప్పై ఏళ్ళుగా సమన్లు పట్టుకుని ఇళ్ళ చుట్టూ తిరగడమే ఆయన ఉద్యోగం. పుచ్చుకోనని మొండికేస్తే కాగితం తలుపుకి అంటించి, ఇరుగుపొరుగు చేత సాక్షి సంతకం పెట్టించుకుని వచ్చేవాడు. అటకెక్కి దాక్కున్నవాళ్ళనీ, పెళ్ళాం చీర ముసుగేసుకుని పడుకున్నవాళ్ళనీ చూసి చూసి ఆయనకి నవ్వు రావడం కూడా మానేసింది.

ఒక సోమవారం కట్టలో మూడో కాగితం మీద తన కొడుకు పేరే కనిపించింది. కొడుకు బస్సుల షెడ్డులో మెకానిక్కు. పెళ్ళాన్నీ నాలుగేళ్ళ కూతుర్నీ వదిలేసి, రెండేళ్ళ కిందట వేరే కాపురం పెట్టాడు. కోడలు బట్టల మిల్లులో చేరి ఎలాగో నెట్టుకొచ్చింది. పిల్లకి ఉబ్బసం ముదిరాక పోషణ కోసం దావా వేసింది. మామగారికి మాట మాత్రం చెప్పలేదు.

"ఇది ఇంకొకరికి ఇస్తాలెండి" అన్నాడు గుమస్తా.

"వద్దు. వాడుండే ఇల్లు నాకు తెలుసు."

కొడుకు తలుపు తీసి, కాగితం చూసి, గొంతు తగ్గించాడు.

"తాళం వేసుందని రాసెయ్యి నాన్నా. నీ చేతిలో పనేగా."

"ఎవరికీ అలా రాయలేదురా."

"నేను ఎవరో ఒకణ్ణా? నీ కొడుకుని."

"అది నీ కూతురు."

"వాళ్ళమ్మ సంపాదిస్తోందిగా."

"మీ అమ్మా కుట్టుపని చేసి సంపాదించింది. అలాగని నేను నిన్ను గాలికి వదిలేశానా?"

తలుపు మూసుకుంది. ఆయన జిగురు డబ్బా తీశాడు. కాగితం ఒక పక్కకి ఒరిగి అంటుకుంది. ఎదురింటి చాకలి సంతకం పెడుతూ, "ఈ మనిషి మీకు తెలుసాండీ?" అన్నాడు.

"మావాడే."

చాకలి మరి తలెత్తలేదు.

నెలనెలా కట్టమని తీర్పు వచ్చింది. కొడుకు ఒక్క నెలా కట్టలేదు. చివరికి జైలుకి పంపారు. ఆ రోజు జిగురాయన భార్య, "కడుపున పుట్టినవాణ్ణి నువ్వే లోపల వేయించావు" అంది. ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు. కంచం ముందు పెట్టి వెళ్ళిపోయేది. నెల తిరిగాక బయటికొచ్చిన కొడుకు, ఉద్యోగం పోయిందని ఊరే వదిలేశాడు. ఎక్కడున్నాడో తల్లికీ చెప్పలేదు.

జీతం అందిన సాయంత్రం ఆయన కోడలి గదికి వెళ్ళి, డబ్బూ పిల్ల మందులూ బల్ల మీద పెట్టాడు.

"మీరివ్వక్కర్లేదు మావయ్యా. బాధ్యత ఆయనది. కోర్టు మిమ్మల్ని అడగలేదు."

"తెలుసమ్మా."

"మీరు ఇస్తున్నారని తెలిస్తే ఆయన ఇక ఎప్పటికీ ఇవ్వరు."

మూల పడుకున్న పిల్ల దగ్గుతోంది. ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. కోడలు మందు పెట్టె చించింది. ఆయన పిల్లని లేపి ఒళ్ళో ఆనించుకుని కూర్చోబెట్టాడు.