చివరి స్టాపు దాకా

మా కరెంటు బిల్లుల ఆఫీసులో ఆమెను అందరూ కునుకక్క అంటారు. ఆఫీసులో నిద్రపోతుందని కాదు. బస్సులో సీటు దొరికితే చాలు, టికెట్ చేతిలో పడేలోపే ఆమె రెప్పలు వాలిపోతాయి. పనిలో మాత్రం మహా చురుకు. తప్పుడు బిల్లు పట్టుకుని చిందులు తొక్కుతూ వచ్చినవాళ్ళు కూడా ఆమె బల్ల ముందు కూర్చున్నాక గొంతు తగ్గిస్తారు.

మొన్నామధ్య ఆఫీసులో కొత్త పద్ధతి పెట్టారు. ఎనిమిదికీ పదకొండుకీ మధ్య ఎవరికి వీలైన వేళకు వాళ్ళు రావచ్చు. ఆలస్యంగా వస్తే ఆలస్యంగా వెళ్ళాలి. రద్దీ బస్సుల్లో వేలాడే బాధ తప్పుతుందని పెద్దల ఆలోచన. కునుకక్క తనకు ఎనిమిదే చాలంది. పక్క సీటుదాన్ని కదా, నేనూరుకోలేదు.

"పదకొండు పెట్టుకో అక్కా. పొద్దున్న ఇంట్లోనే హాయిగా పడుకోవచ్చు."

"ఇంట్లోనా?" అని నవ్వింది. ఆ నవ్వు నాకప్పుడు బుర్రకెక్కలేదు. నా పోరు పడలేక చివరికి పదకొండే రాయించుకుంది.

నెల తిరగకుండానే మనిషి వడలిపోయింది. ఎలాగూ ఇంట్లోనే ఉంటున్నావు కదా అని అత్తగారు పనిమనిషిని మాన్పించింది. అదే మాటంటూ మరిది తన చంటిదాన్ని తెచ్చి ఒళ్ళో పెట్టి వెళ్ళేవాడు. భర్త చొక్కాలు బయట ఇస్త్రీకి వేయడం మానేశాడు. ఎవరూ కసరలేదు, అందరూ ప్రేమగానే అడిగారు. అలా అడిగితే కాదనడం ఆమెకు చేతకాదు. నాకు ఒళ్ళు మండిపోయింది, సగం వాళ్ళ మీద, సగం నా మీద.

"మళ్ళీ ఎనిమిదికి మార్పించుకో అక్కా," అన్నాను.

"సాయంత్రం పెందలాడే ఇంటికి చేరాలిగా. అప్పుడు అవే పనులు. పోనీలే, ఏదో ఒకటి చూసుకుంటా."

తర్వాత కాస్త తేరుకుంది. ఇంట్లో గట్టిగా చెప్పిందేమో అనుకుని సంతోషించాను.

ఒకరోజు నా స్కూటర్ మొరాయిస్తే పొద్దున్నే బస్సెక్కాను. కిటికీ పక్క సీట్లో కునుకక్క. ఒళ్ళో సంచి, అద్దానికి ఆనించిన తల, మంచి నిద్ర. పదకొండింటి మనిషికి ఇప్పుడేం పని? మా స్టాపు రాగానే భుజం తట్టబోయాను.

కండక్టర్ అడ్డొచ్చాడు. "లేపకండమ్మా. ఆవిడ చివరి స్టాపు దాకా వెళ్ళి, మళ్ళీ ఇదే బస్సులో వెనక్కొస్తారు. రోజూ అంతే. టైముకి నేను లేపుతాను."

మా మాటలకు ఆమె సగం కళ్ళు తెరిచింది. "పని పెరిగింది, ఎనిమిదికే రమ్మన్నారని ఇంట్లో చెప్పానమ్మా," అంది. అంతలోనే మళ్ళీ నిద్రలోకి జారిపోయింది. నేను చప్పుడు చేయకుండా దిగాను.

ఆఫీసులో నా సీట్లో కూర్చున్నానో లేదో ఆమె బల్ల మీద ఫోన్ మోగింది. అవతల అత్తగారు. "మా కోడలు వచ్చిందా అమ్మా? ఒకసారి పిలుస్తావా?"

"ఎనిమిదికే వచ్చిందండీ," అన్నాను. "చాలా పనిలో ఉంది. ఇప్పుడు కదిలించకూడదు."