బావ చేతికి వెలుతురు

ఆ వీధిలో ఆమెను అందరూ రేడియో పిన్ని అంటారు. రేడియో పట్టుకుని ఆమె గడప తొక్కినవాళ్లు ఈమధ్య ఎవరూ లేరు; వచ్చేవన్నీ మిక్సీలూ ఫ్యాన్లూ చార్జర్లూ. పేరు మాత్రం అలా నిలిచిపోయింది. స్టెబిలైజర్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు టంకం పెట్టి, అది మూతపడ్డాక ముందుగదిలోనే బల్ల వేసుకుంది. పెళ్లి మాటెత్తితే "తీరికేదీ?" అని నవ్వేసేది. నా అనుకునే మనుషులల్లా రెండు వీధుల అవతల ఉన్న అక్కా, బావా.

బావ బస్సు డ్రైవరుగా చేసేవాడు. పక్షవాతంతో కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. బల్బు వెలుతురు కళ్లలో పడితే తలనొప్పితో విలవిల్లాడేవాడు. ఆర్పేస్తే చీకట్లో బెంబేలెత్తేవాడు. వంటింటికీ స్విచ్చుకీ మధ్య తిరగలేక అక్క కాళ్లు అరిగిపోతున్నాయి.

"ఆయన అడగలేరు, నేను కనిపెట్టలేను. పిచ్చెక్కుతోందే," అంది ఒకరోజు.

"రిమోటు పెడతాను. ఎంత వెలుతురు కావాలో ఎడంచేత్తో బావే చూసుకుంటారు."

పాత టీవీ రిమోటు ఒకటి దొరికింది. సర్క్యూటు రెండు రోజుల్లో తయారైంది. చిక్కల్లా దానికి కరెంటు ఎలా ఇవ్వాలన్నదే. బల్బు నడిచేది ఇంటి కరెంటు మీద. రిమోటు మాట వినే చిప్పుకి అయిదు వోల్టులు చాలు. ఆ అయిదూ ట్రాన్స్‌ఫార్మరుతో తెస్తే, ఆ ఇనుపముద్ద గోడలోని స్విచ్చుపెట్టెలో పట్టదు. కెపాసిటరుతో తెస్తే అగ్గిపెట్టెలో సగం చోటు చాలు. ఆమె కెపాసిటరు పెట్టింది. కొలిచి కోసినట్టు అమరింది. గోడమీద రిమోటు సైగ అందుకునే చిన్న నల్లకన్ను తప్ప ఏమీ కనబడదు. ఆ అందం చూసి ఆమే మురిసిపోయింది.

నాలుగు రోజుల తర్వాత వెళ్లేసరికి అక్క తడిగుడ్డతో ఆ కన్ను తుడుస్తోంది.

"ఆపు! చెయ్యి తియ్యి!"

అక్క ఉలిక్కిపడింది. "దుమ్ము పడితే పనిచేయదేమోనని రోజూ తుడుస్తున్నానే."

రేడియో పిన్ని ఆ గుడ్డ లాక్కుంది. కెపాసిటరు వోల్టులు తగ్గిస్తుందే గానీ ఇంటి కరెంటుతో తెగతెంపులు చేయదు. ఆ కన్ను వెనక తీగలు నేరుగా మెయిన్సుకే అంటుకుని ఉన్నాయి. మధ్యలో ఉన్నది పలచటి ప్లాస్టిక్కు. ఈ సంగతి తనకు తెలియనిది కాదు. బల్లమీద ఇన్నేళ్లూ తన చేతిని నమ్ముకుని పనిచేసింది. ఇది వెళ్లేది ఏమీ తెలియని చేతుల మధ్యకి అన్న ఊహే రాలేదు.

మెయిన్ ఆపి, అంతా ఊడదీసింది.

"బాగానే పనిచేస్తోందిగా?" అంది అక్క.

"పనిచేస్తోంది. ముట్టుకోవడానికే పనికిరాదు."

మూడు రోజులు కూర్చుని మళ్లీ కట్టింది. ఈసారి ట్రాన్స్‌ఫార్మరు. అందులో రెండు తీగచుట్లు పక్కపక్కనే ఉంటాయి, ఒకదాన్నొకటి తాకవు. చిప్పుకి ఇంటి కరెంటుతో సంబంధమే ఉండదు. అది పట్టడానికి గోడ బయట చెక్కపెట్టె బిగించింది.

అక్క బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఇదేం అవతారమే? గోడకి కణితి లేచినట్టుంది."

"ఉండనీ. నీ తడిగుడ్డ నువ్వు ఎలాగూ మానవుగా."

ఆ ఆదివారం సాయంత్రం బావతో బస్సులో పనిచేసిన పాత కండక్టరు పరామర్శకు వచ్చాడు. పక్షవాతం వచ్చి తనకు తెలిసినవాళ్లు ఎవరెవరు ఎలా పోయారో గంటసేపు ఏకరువు పెట్టాడు. ఎవరూ బల్బు వంక చూడలేదు గానీ, గది మసకబారుతూ వచ్చింది. చివరికి కండక్టరు ముఖమే ఆనవాలు తెలియకుండా పోయింది.

"వోల్టేజీ పడిపోయినట్టుందమ్మా, వస్తాను," అని లేచాడు.

అతను గుమ్మం దిగాడో లేదో, దీపం మెల్లగా తేరుకుంది. అక్క తిరిగి చూసింది. దుప్పటి అంచున రిమోటు, దాని మీద ఎడమ బొటనవేలు. బావ మూతి ఒకపక్కకి సాగి ఉంది.

"ఓరి దొంగమొగుడా!" అంటూ అక్క మంచం పట్టె మీద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి ఆరు నెలలైంది.

ఆ తర్వాత పరామర్శకు వచ్చినవాళ్లెవరూ అట్టే సేపు కూర్చోలేకపోయారు. రేడియో పిన్ని చేసిన వైరింగు మంచిది కాదని వీధిలో పేరు పడింది. ఆమె విని ఊరుకుంది.