అక్క నడుం, ముందు ఫోర్కులు

ఏ బండి వచ్చినా మెకానిక్ ముందు దాని హ్యాండిల్ మీద వాలి, రెండుసార్లు కిందికి నొక్కి, చెవి ఒగ్గి వింటాడు. అలాంటివాడి సొంత బండి మీదే ఆఫీసు ముందున్న స్పీడ్ బ్రేకర్ దగ్గర అక్కకు నడుం పట్టేసింది. "మళ్లీ నీ బండెక్కితే ఒట్టు" అని మూడు నెలలుగా ఆమె ఆఫీసుకు నడిచే వెళ్తోంది. అతనికి తల కొట్టేసినట్టయింది. ముందు ఫోర్కుల్లో, అంటే ముందు చక్రానికి కుదుపు ఆపే గొట్టాల్లో, చిక్కటి ఆయిల్ పోశాడు. అవి అడుగంటా కుంగకుండా లోపలి స్ప్రింగుల మీద పైపు ముక్కలు కోసి బిగించాడు. ఈ ఉదయం బతిమాలి ఎక్కించుకుంటే, ఆమె అతని చొక్కా పిడికిట పట్టి కళ్లు మూసుకుంది.

"బ్రేకర్ వచ్చేముందు చెప్పరా."

"దాటేశాం అక్కా."

"కోతలు కొయ్యకు. వెనక్కి తిప్పు."

తిప్పాడు. నాలుగోసారికి ఆమె కళ్లు తెరిచింది. ఆరోసారికి చొక్కా వదిలేసి, నవ్వాపుకోలేక అతని వీపు మీద చరిచింది. ఎనిమిదోసారి ఆఫీసు గేటు దాటిపోతుంటే వాచ్‌మన్ లేచి సెల్యూట్ కొట్టాడు.

"ఇంకొక్కసారి తిప్పరా," అంది అక్క. "నాకింకా నమ్మకం కుదర్లేదు."