ఆమేన్ దాకా ఆగని పూరీ

పేరున్న చెఫ్‌ల హోటళ్ళంటే నాకు పిచ్చి. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను. నర్సీపట్నంలో కూర్చున్నదానికి ఈ పిచ్చి ఎలా పట్టిందని మా ఆయన ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటారు. పట్టింది ఫోనులోంచే. ప్రైవేటు స్కూల్లో పదహారేళ్ళు లెక్కలు చెప్పాను. మధ్యాహ్నం స్టాఫ్ రూములో తక్కిన టీచర్లు ఫోన్లలో చీరలు చూసుకుంటుంటే నేను వంటలు చూసేదాన్ని. ఎవరు ఏ చేపను ఎలా కాల్చారు, ఎవరి ప్లేటు మీద ఏ ఆకు పెట్టారు, ఇదే గోల. ఈలోగా మా అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఇంకేం కావాలి నాకు? ఏడాదికి రెండుసార్లు తునిలో రైలెక్కి దాని దగ్గర వాలిపోవడం మొదలుపెట్టాను. పిల్లను చూడటానికని అందరికీ చెప్పేదాన్ని. పిల్లకు మాత్రం అసలు సంగతి తెలుసు, నేను రైలు దిగేసరికి ఎక్కడో ఒకచోట టేబుల్ బుక్ చేసి ఉంచేది.

మొదటిసారి నా పరువు పోయింది. నల్లటి పళ్ళెంలో గులకరాళ్ళు పోసి, వాటి మధ్య రెండు చేప వడియాలు పెట్టి తెచ్చారు. ఏది తినాలో తెలియక ఒక రాయిని ఫోర్కుతో గుచ్చాను. టంగుమంది. పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూశారు, మా అమ్మాయి బల్ల కింద నా కాలు తొక్కింది. రెండోసారి ఇంకో చోట తొమ్మిది రకాలు తిని, ఆవలించి, "అన్నం ఎప్పుడు తెస్తారు బాబూ?" అని అడిగాను. అయినా సిగ్గుపడి మానేసే రకం కాదు నేను. ఇంటికి రాగానే తిన్నవన్నీ నోట్‌బుక్కులో రాసుకుని ఒక్కొక్కటే చేసి చూసేదాన్ని. గొలుగొండ నుంచి వచ్చే బెల్లంతో రొయ్యలు వండాను. పనసపొట్టును వడల్లో పెట్టాను. కొన్ని చెత్తగా వచ్చేవి. కొన్ని మాత్రం, నిజంగా చెబుతున్నాను, ఆ హోటల్లో కన్నా బాగా వచ్చేవి.

అలా వండుతూ వండుతూ నా బుర్రలో ఒక కోరిక మొలిచింది. మా ఊళ్ళో నాలుగంటే నాలుగు బల్లలతో ఒక హోటలు పెట్టాలి. టిఫిన్లకీ బిర్యానీకీ ఊళ్ళో కొదవ లేదు. నాది వేరుగా ఉండాలి, రోజుకు ఒక వరసలో ఆరు రకాలు, వేడివేడిగా, నేనే వచ్చి ఇదేమిటో చెప్పి పెట్టాలి. ధైర్యం చేసి ఈ వేసవిలో ఉద్యోగం మానేశాను. కావలసిందల్లా మా ఇంటి ముందు గది. రోడ్డు వైపు తలుపు ఉంది, వెనక గోడకు అవతల మా వంటిల్లు. ఆ గది మా మావయ్యగారిది. మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యాక ఆయన చాలా ఏళ్ళు అందులో ట్యూషన్లు చెప్పారు. ఆ వెనక గోడ మీద నల్లరంగు వేయించుకున్న బోర్డు ఇప్పటికీ ఉంది. ఒక సాయంత్రం టీ ఇచ్చి అడిగాను.

"మావయ్యగారండీ, ముందు గది నాకిస్తారా? చిన్న హోటలు పెట్టుకుంటానండీ."

ఆయన టీ కప్పు కింద పెట్టేశారు. "హోటలేటమ్మా? మా అమ్మ మిషన్ హాస్టల్లో వంట సేసి సేసి నన్ను సదివించింది. మనింట్లో ఆడకూతురు మరి ఊరోళ్ళకి వండకూడదని అప్పుడే అనుకున్నాను. ఇంకేదైనా అడుగు, ఇది మాత్రం అడక్కు."

నాకు కోపం వచ్చింది. నాకు కోపం వస్తే నోరు మూతపడుతుంది, చేతులు ఊరుకోవు. నాలుగు రోజులు మా ఇంట్లో నాకన్నా గిన్నెలే ఎక్కువ మాట్లాడాయి. అయిదో రోజు పొద్దున్న ఆయన పేపరు చదువుతుంటే ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"ఒక్కసారి నాతో హైదరాబాదు రండి. మంచి పేరున్న చెఫ్ దగ్గర కూర్చుని భోజనం చేయండి. తిన్నాక కూడా మీరు వద్దంటే నేను ఈ మాట మళ్ళీ ఎత్తను. వెళ్ళి లెక్కలు చెప్పుకుంటాను."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "మాట తప్పవు కదా?"

"తప్పనండి."

"సరే, ఎల్దాం. మనవరాల్ని సూసినట్టూ ఉంటాది."

మా ఆయనకు పరీక్షల డ్యూటీ పడింది. మేమిద్దరమే బయల్దేరాం. రైల్లో నాకు కంటి మీద కునుకు లేదు. మా అమ్మాయి నా కోసమని రెండు నెలల ముందే టేబుల్ దొరికించుకున్న హోటలది. ఆ చెఫ్‌ను టీవీలో చూసీ చూసీ ఆయన ఉల్లిపాయ తరిగే తీరు కూడా నాకు కంఠతా వచ్చింది. అటువంటి చోట తినబోతున్నానన్న సంబరం ఒకవైపు, ఈ ఒక్క భోజనం మీదే నా హోటలు ఆధారపడిందన్న దడ ఇంకొకవైపు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మావయ్యగారు ప్రార్థన చేసి ఆమేన్ అనేదాకా మా ఇంట్లో ఎవరూ కంచంలో చెయ్యి పెట్టరు. పసిపిల్లలైనా ఆగాల్సిందే. ఆయన ప్రార్థన చిన్నదేమీ కాదు. రోజంతా "ఏటి, సెప్పు, బేగి రా" అని మాట్లాడే మనిషి కళ్ళు మూసుకోగానే పాత బైబిలు తెలుగులోకి వెళ్ళిపోతారు. అయితే ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ ప్రార్థన నేను సరిగా విన్నది లేదు. ఆయనా మా ఆయనా బల్ల దగ్గర కూర్చునే వేళకు నేను వంటింట్లో పోపు పెడుతూనో అప్పడాలు వేయిస్తూనో ఉంటాను. ఆ చప్పుళ్ళలో నాకు వినబడేది చివరి ఆమేన్ ఒక్కటే. అది వినబడగానే వేడి అప్పడాలు పట్టుకుని పరుగెత్తాలి.

హోటలు గుమ్మంలో అడుగుపెట్టగానే నాకు ఒళ్ళు పులకరించింది. హాలుకు ఒక పక్క నిలువెత్తు అద్దం, అద్దం వెనక వంటిల్లు. పది మంది తెల్లబట్టల్లో వండుతున్నారు. ఆ మధ్యలో ఆయన, టీవీలో చూసిన ఆయనే! "అమ్మా, నోరు మూసుకో," అంది మా అమ్మాయి. నిజంగానే నోరు తెరుచుకుని ఉన్నాను. మావయ్యగారు ఆదివారం గుడికి వేసుకునే తెల్ల ప్యాంటూ చొక్కా వేసుకొచ్చారు, జేబులో పెన్నుతో సహా. ఇన్‌స్పెక్షనుకు వచ్చిన అధికారిలా నలువైపులా చూసి కూర్చున్నారు.

మొదటి వంటకం ప్రతి టేబులుకూ ఆ చెఫే స్వయంగా తెస్తాడు. అది ఆయన అలవాటు. మా దగ్గరికీ వచ్చాడు. నిమ్మకాయంత పూరీలు మూడు, గాజులా పల్చగా పొంగినవి, మూడు చిన్న గిన్నెల్లో పెట్టాడు. ఒక్కోదానికీ పైన చిల్లు పొడిచి, చిన్న కూజాలోంచి పొగలు కక్కే ఉలవచారు పోశాడు.

"ఇది వెంటనే తినేయాలండీ, ఒకే ముద్దలో. అరనిమిషం దాటితే మెత్తబడిపోతుంది."

నా చెయ్యి గాల్లోకి లేచింది. సరిగ్గా అప్పుడే మావయ్యగారు కళ్ళు మూసుకున్నారు.

"పరలోకమందున్న మా తండ్రీ..."

నా చెయ్యి ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మా అమ్మాయి తల వంచుకుంది. చెఫ్ ఒక్క క్షణం తికమకపడి, కూజా పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మావయ్యగారు రైలు ప్రయాణానికి స్తోత్రం చెప్పారు. రైలు నడిపినవారిని దీవించమన్నారు. మనవరాలి ఆఫీసునూ, హాస్టలునూ, గదిలో ఉండే ఇద్దరు స్నేహితురాళ్ళనూ వరసగా అప్పగించారు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. నా పూరీ నడుము కుంగింది. అమ్మాయి పూరీ పక్కకు ఒరిగింది. రెండు నెలలు ఎదురుచూసిన వంటకం నా కళ్ళ ముందే పుల్కా అయిపోతోంది. కోపమూ నవ్వూ కలిసి వచ్చి పెదవి కొరుక్కున్నాను. ఇంక నా గది సంగతి కూడా ఇంతేననుకున్నాను. అప్పుడు వినబడింది.

"ప్రభువా, ఈ ఆహారమును వండిన నా కోడలి చేతులను దీవించుము. నా తల్లి చేతులకు కలిగిన కాలిన మచ్చలు ఆ చేతులకు కలుగనీయకుము. ఆమేన్."

చెఫ్ నా చేతుల వైపు చూశాడు. నేనూ చూసుకున్నాను. ముందుగా మా అమ్మాయి ఫక్కున నవ్వింది. "తాతా! ఇవాళ వండింది అమ్మ కాదు, ఈయన!"

మావయ్యగారు నాలిక కరుచుకున్నారు. "అయ్యబాబోయ్! అలవాటమ్మా. రోజూ సెప్పీదే కదా, నోటికొచ్చీసింది."

"రోజూ చెబుతారా?" అన్నాను.

"మరేటనుకున్నావు?"

ఏమీ అనుకోలేదు. ఇరవై ఆరేళ్ళూ వంటింటి గోడ అవతల అప్పడాలు వేయిస్తూ నేను ఏమీ అనుకోనే లేదు. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఎంత సంతోషం వేసిందంటే, ఆ క్షణంలో నాకు గది రాకపోయినా పరవాలేదనిపించింది. చెఫ్ కుంగిన పూరీలు తీసేసి తాజావి తెప్పించాడు. చారు పోయబోతుంటే మావయ్యగారు మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. మా అమ్మాయి "తాతా!" అని కేక పెట్టింది.

"ఈ బాబు చేతులను కూడా, ప్రభువా. ఆమేన్," అని టక్కున ముగించి, చారు పోయించుకుని, పూరీ నోట్లో వేసుకున్నారు. కరకరమంది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. నోట్లో ముద్ద ఉండగానే నా వైపు చెయ్యి ఊపారు. "బేగి తినమ్మా, మెత్తబడిపోద్ది!"

తిన్నాను. పల్చటి పెంకు పగిలి లోపలి వేడి చారు నోరంతా పరుచుకుంది, చివర్లో వెన్న, ఎక్కడో కొంచెం బెల్లం. కూర్చున్న కుర్చీలోంచి లేచిపోతానేమో అనిపించింది. ఆ తర్వాత వచ్చిన ఎనిమిది రకాలకూ మావయ్యగారు క్లాసులో లాగే ప్రశ్నలు వేశారు. పులుపు దేనివల్ల వచ్చింది, చింతచిగురా, చింతపండా? ఈ చేప ఏ నీళ్ళది? చెఫ్‌కు విసుగు రాలేదు సరికదా, చివర్లో ఖాళీ చేసుకుని వచ్చి నిలబడ్డాడు. మావయ్యగారు అద్దం వైపు చూపించారు.

"వంటింటికి ఈ అద్దం ఏటికి బాబూ? మేం సూడ్డానికా?"

"కాదు సార్. మావాళ్ళు మిమ్మల్ని చూడ్డానికి. తినేవాళ్ళ ముఖం కనబడకపోతే వండేవాళ్ళకు ఏం తెలుస్తుంది చెప్పండి?"

ఆటోలో వస్తుండగా మావయ్యగారు ఉన్నట్టుండి చెప్పారు. హాస్టల్లో ఆయన తల్లి వండే వంటిల్లు భోజనాల హాలుకు దూరంగా, పెరటి చివర ఉండేదట. రెండు పూటలా పిల్లల తరఫున ప్రార్థన చేసే పని ఈయనదే. వండిన చేతులను దీవించుమని గట్టిగా, తల్లికి వినబడాలని అరిచినట్టే చెప్పేవారట.

"ఆవిడికి ఒక్కపూటైనా వినబడ్లేదమ్మా. పోయేముందు అడిగాను."

"నాకూ వినబడలేదండీ, ఇవాల్టిదాకా," అన్నాను.

ఊరికి వచ్చిన మర్నాడు ఆయనే ముందు గది తాళం తీశారు. నన్ను పిలిచి, వెనక గోడ మీద చెయ్యి ఆనించారు. "గది తీసుకో. ఈ గోడ మాత్రం ఉండకూడదు. కొట్టించీ."

"ఇది మీ బోర్డున్న గోడండీ!"

"నాకు కనబడ్డం లేదేటి? కొట్టించీమన్నాను కదా."

పోయిన నెలలో తలుపులు తెరిచాం. నాలుగు బల్లలు, వాటికి ఎదురుగా నా స్టవ్వు, మధ్యలో ఏమీ లేదు. మొదటి మధ్యాహ్నం మూడు బల్లలు నిండాయి. నాలుగో బల్ల దగ్గర మావయ్యగారు ఆదివారం బట్టల్లో కూర్చున్నారు. నేను పూరీలు నూనెలో వేయబోతుంటే ఆయన కళ్ళు మూసుకోవడం కనబడింది. పక్క బల్లల మీది చేతులు కూడా ఒక్కొక్కటే ఆగాయి. ఈ పూరీలు ఆగవని తెలుసు కనుక, వేయకుండానే స్టవ్వు కట్టేశాను. గరిటె పట్టుకుని అక్కడే నిలబడి ప్రార్థన మొదటినుంచి చివరిదాకా విన్నాను.