గుల్మార్గ్‌కి మూడు టికెట్లు

మా ఇంట్లో పిల్లలకు ఐస్‌క్రీమ్ తినాలనిపిస్తే వీధి చివరికి వెళ్లి, అక్కడే తినేసి, మూతి తుడుచుకుని వస్తారు. ఫ్రిజ్‌లో చల్లటి నీళ్ల సీసా కూడా ఉండదు. దానికి కారణం నేనే. సినిమాలకు డబ్బింగ్ చెప్పడం నా పని. తెర మీద పెదాలు కదిపేది ఎక్కడి నుంచో వచ్చిన అమ్మాయి, హాల్లో మీకు వినపడే ఏడుపూ నవ్వూ నావి. జలుబు చేసి గొంతు బొంగురుపోతే నా పని మూలపడ్డట్టే. అలాంటి ఇంట్లో, ఫిబ్రవరిలో ఒకనాడు భోజనాల దగ్గర మా అమ్మాయి లాస్య, "ఈసారి సెలవులకి మంచులో స్కీయింగ్‌కి వెళ్దాం" అంది. దానికి పదిహేడేళ్లు, ఇంటర్ మొదటి ఏడాది. వాళ్ల తమ్ముడు నిఖిల్ పదో తరగతి. వాడు అప్పటికే ఫోన్‌లో ఎవరో కొండ మీంచి జారుతున్న వీడియో పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఇద్దరూ ముందే మాట్లాడేసుకున్నారన్నమాట.

నేను మారుమాట లేకుండా సరే అన్నాను. నాకు మంచు మీద మోజేమీ లేదు. జూన్‌లో నిఖిల్‌ని ఇంటర్‌కి హాస్టల్ ఉన్న కాలేజీలో చేరుస్తున్నాం. లాస్యకి రెండో ఏడాది, ఎంట్రన్స్ కోచింగ్, ఆ తర్వాత ఏ ఊరో తెలియదు. నలుగురం ఒక కప్పు కింద ఉండే రోజులు ఇక ఈ వేసవితో సరి. వీళ్లిద్దరూ నాతో ఒక వారం గడిపితే చాలు, అది మంచైనా మండుటెండైనా నాకొకటే. ఈ ప్రయాణం నాకెందుకు కావాలో అప్పుడు నేను ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలుసనే అనుకున్నాను.

పిల్లలతో మంచు ప్రయాణం అనుకునేవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు తేదీలు. మన పరీక్షలు అయ్యేసరికి అక్కడ మంచు కరిగిపోతుంది. లాస్య పరీక్షలు మార్చి మధ్యలో అయిపోతాయి, నిఖిల్‌వి ఏప్రిల్ మొదటి వారం దాకా సాగుతాయి. ఆ తర్వాత పది రోజుల్లో లాస్య కాలేజీవాళ్లు రెండో ఏడాది పాఠాలు మొదలుపెడతామన్నారు. మా వారిది బ్యాంకు ఉద్యోగం. మార్చి వస్తే ఆయన ఇంట్లో ఉన్నదీ లేనిదీ చెప్పుల్ని చూసి తెలుసుకోవాలి. ఏప్రిల్ మొదట్లోనూ అదే వరస. ఆయన, "సెలవు సంగతి చూస్తాను" అంటే ఇరవై ఏళ్లుగా దానర్థం దొరకదనే. కాబట్టి వెళ్లేది ముగ్గురం, నేనూ పిల్లలూ అనుకున్నాను. లాస్య కూడా ట్రావెల్ ఆఫీసుకి ముగ్గురికి అని మెసేజ్ పెట్టింది. అడ్వాన్స్ వాళ్ల నాన్న ఫోన్ నుంచి వెళ్లింది. అన్నీ సరిపోయాయి.

నిఖిల్ పరీక్షలు మొదలయ్యే ముందు ఒక ఆదివారం ఈ ఏర్పాట్లన్నీ తేల్చేద్దామని బయలుదేరాం. మేముండేది వెంగళరావు నగర్‌లో. మధురానగర్‌లో మెట్రో ఎక్కితే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మూడో స్టేషనే, పావుగంటలో దిగిపోయాం. పదిన్నరకి మేం వెళ్లేసరికి ట్రావెల్ ఆఫీసులో ఫణి గారు గోడ మీది పెద్ద పటం ముందు నిలబడి ఉన్నారు. ఆయనది మా కృష్ణా జిల్లానే కావడంతో మర్యాదలు ముగిసేసరికే కాఫీ చల్లారింది. నేను ఉత్తరాఖండ్‌లోని ఔలీ అన్నాను, ఎవరో చెప్పారని. "ఏప్రిల్‌లో ఔలీలో గడ్డి చూస్తారండీ" అన్నారాయన. మనాలి అన్నాను. "కింద మంచుండదండీ. బురద ఉంటుంది. పైకెళ్తే ఉండొచ్చు, రోడ్డు తెరిస్తే."

"మరి ఎక్కడికి వెళ్లాలండీ?"

"గుల్మార్గేనండీ. అక్కడా కింద నేర్చుకునే చోటు అప్పటికి పలచబడిపోతుంది. కేబుల్ కారులో మొదటి మజిలీకి వెళ్తే ఉంటుంది. దాని టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, అక్కడికెళ్లి తీసుకుందామంటే కుదరదు. బూట్లు, కాళ్లకి బిగించే స్కీ కర్రలు, నేర్పే మనిషి, అన్నీ కలిపి మనిషికి రోజుకి మూడు నాలుగు వేలు చూసుకోండి. శ్రీనగర్ నుంచి టాక్సీలో రెండు గంటలు. ముగ్గురికే కదండీ?"

"ముగ్గురికేనండీ" అన్నాను నేను. "ముగ్గురికే అంకుల్" అంది లాస్య అదే క్షణంలో. మేమంత ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ మధ్య కాలంలో అదే మొదటిసారి. మంచు ఉంటుందా ఉండదా అన్నది మాత్రం ఆయన ఎంత చెప్పినా నాకు తేలలేదు. ఉంటుందండీ అనేవారు, వెంటనే ఉండాలండీ అనేవారు. టికెట్లు సాయంత్రం ఖాయం చేసేస్తానన్నారు. అందరి ఆధార్ కార్డులూ లాస్య పంపుతానంది.

తర్వాత బట్టలు. అక్కడ గుల్మార్గ్‌లోనూ కోట్లు అద్దెకిస్తారు, కానీ ఎవరెవరో తొడిగినవి నాకు నచ్చవు. ఫిల్మ్‌నగర్‌లో సినిమా దుస్తులు అద్దెకిచ్చే యాదగిరి గారు నాకు పాత పరిచయం. మంచు కొండల్లో పాటలు తీసేవాళ్లకు ఆయనే కోట్లు ఇస్తారు. అవీ ఎవరో తొడిగినవే కదా అని నిఖిల్ అడిగాడు. వినపడనట్టు ముందుకు నడిచాను. చెక్‌పోస్ట్ నుంచి ఆటో. డ్రైవర్‌ది రహమత్ నగర్. ఎనభై అడిగాడు, ఇచ్చాను. మా మాటలు వింటూ ఉండి, "గా మంచుల జారనీకి గంత దూరం పోతున్రా అమ్మా? కాళ్లు ఇర్గుతె ఎట్ల?" అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నానని చెప్పలేక నవ్వాను.

యాదగిరి గారి దుకాణం ఒక పాత ఇంటి మొదటి అంతస్తు. పోలీసు డ్రెస్సులు, రాజుల అంగరఖాలు, నల్ల కోట్లు అన్నీ కమ్మీలకు వేలాడుతూ ఉంటాయి. మంచు కోట్లని చెప్పగానే ఒక వరస చూపించారు. ఎర్రవి, పసుపువి, మెడ చుట్టూ బొచ్చున్నవి, అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. లాస్య ఒకటి తొడుక్కుంది. చేతులు వేళ్లు దాటి వేలాడాయి. ఇంకొకటి తీసింది. అదీ అంతే.

"ఆడవాళ్ల సైజులు చూపించండి యాదగిరి గారూ" అన్నాను.

"ఆడోళ్లయి లెవ్వు మేడం."

"అదేంటి? పాటలో హీరోయిన్ ఉండదా?"

"ఉంటది. జార్జెట్ చీరల ఉంటది. కోటు హీరోకే ఇస్తరు. గిన్నేండ్లల్ల ఒక్కరు గూడ హీరోయిన్‌కు మంచు కోటు అడగలే. మీరే ఫస్టు."

లాస్య నోరు తెరిచి ఆయన్ని చూసింది. తర్వాత నావైపు చూసి, "అమ్మా, ఆ పాటల మధ్య 'చలిగా లేదులే' అని డైలాగ్ చెప్పేది నువ్వే కదూ?" అంది. నేనే. ఏసీ తగ్గించమని బతిమాలుకుని, స్వెట్టర్ వేసుకుని చెప్పాను. ముగ్గురం పగలబడి నవ్వాం. యాదగిరి గారు హీరో చిన్నప్పటి వేషానికని కుట్టించిన చిన్న కోటు ఒకటి వెతికి తెచ్చారు, అది లాస్యకి సరిపోయింది. వారానికి ఆరువందలు, కొంచెం డిపాజిట్. నిఖిల్‌కి నీలం కోటు కుదిరింది. నేనొక ఎర్ర కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను. మోకాళ్లు దాటింది కానీ వెచ్చగా ఉంది. "నాకిది చాలు" అన్నాను.

తిరిగి చూస్తే అక్కాతమ్ముడు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

"నీకెందుకమ్మా?" అన్నాడు నిఖిల్.

"నాకెందుకేంట్రా? అక్కడ చీర కట్టుకుని తిరగనా?"

లాస్య మెల్లగా, "నాన్న తనకి నలభై రెండు సైజు చూడమన్నారు" అంది.

నాకు అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. నాన్న ఎక్కడికి వస్తున్నారు, ఆయనకి సెలవెక్కడిది, ఆయన వస్తే నలుగురం కదా, మరి ముగ్గురేంటి? ఆ ఎర్ర కోటులోనే నిలబడి మా వారికి ఫోన్ చేశాను.

"సెలవు దొరికిందిగా. పోయిన వారమే రాసిచ్చాను" అన్నారాయన.

"నాకు చెప్పలేదేం?"

"పిల్లలు చెప్పుంటారనుకున్నా. అయినా నువ్వు రానన్నావటగా, చలి పడదని?"

"నేనెప్పుడన్నాను?"

"అనలేదా?" అన్నారు. ఆయనకీ అప్పుడే అనుమానం వచ్చింది. "ఎవరన్నారో మరి. నేనైతే నువ్వే అన్నావనుకున్నాను."

కోటు విప్పి యాదగిరి గారికిచ్చేశాను. పక్కకి పెట్టాలా అని ఆయన అడుగుతుండగానే మెట్లు దిగాను. కింద టిఫిన్ సెంటర్లో కూర్చున్నాం. పిల్లలకి దోసెలు, నాకు అల్లం టీ చెప్పాను. అందరం కలిసి వెళ్లాలని నేను తాపత్రయపడుతుంటే, నన్ను వదిలేసి వెళ్లాలని నా పిల్లలే మెసేజ్ పెట్టారు. కోపం రావాలి. రాలేదు. ఏడుపొచ్చింది. తెర మీది అమ్మాయిలందరి తరఫునా అడిగిన క్షణంలో ఏడ్చే మనిషిని, నా తరఫున ఏడవడానికి మాత్రం చాలా కష్టపడ్డాను.

"నేనేం చేశాన్రా మిమ్మల్ని?" అన్నాను.

"నిన్ను వద్దనుకోలేదమ్మా" అంది లాస్య. "నువ్వు రావనుకున్నాం. అడిగితే మాకోసం వస్తానంటావు. వచ్చి మఫ్లర్ చుట్టుకుని రూములో హీటర్ దగ్గర కూర్చుంటావు."

"కూర్చుంటే ఏం? మీతో ఉంటాగా?"

"మాట్లాడవు కదా" అన్నాడు నిఖిల్.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. పెద్ద సినిమా డబ్బింగ్ ఉందంటే ముందు రెండు మూడు రోజులు నేను ఇంట్లో నోరు విప్పను. గొంతుకి విశ్రాంతి. పిల్లల్ని పిలవాలంటే చప్పట్లు కొడతాను, ఒక చప్పట లాస్యకి, రెండు నిఖిల్‌కి. చిన్నప్పుడు వాళ్లకది ఆట. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా ముచ్చటపడేవారు. అందుకే నేనెప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

"తొమ్మిదో తరగతిలో నాకు ఫస్ట్ వచ్చినప్పుడు నువ్వు బొటనవేలు చూపించావు" అన్నాడు నిఖిల్. వాడు కోపంగా అనలేదు, దోసె తుంచుకుంటూ మామూలుగానే అన్నాడు. "అక్క సైకిల్ మీంచి పడ్డప్పుడు చప్పట్లు కొట్టుకుంటూ పరిగెత్తుకొచ్చావు. రోడ్డు మీద అందరూ నవ్వారు."

"మాకు అలవాటేనమ్మా" అంది లాస్య. "నీ పని అది. కానీ అంత దూరం వెళ్లి కూడా నువ్వు సైగలు చేస్తుంటే నాకు బాగోదు. అందుకే ముగ్గురు అని పెట్టాను. నీకు చెప్పడం మాత్రం చేతకాలేదు."

టీ చల్లారిపోయింది. ఏప్రిల్ చివర్లో నాకొక పెద్ద సినిమా ఉంది. ఆ హీరోయిన్‌కి మొదటి సినిమా నుంచీ నా గొంతే. ఒక్కసారి ఇంకొకరు చెప్తే, బాగుందంటే, ఇక నన్ను పిలవరు. మా పనిలో ఎన్నిసార్లో చూశాను. మంచులోంచి వచ్చిన వారానికే ఆ గొంతు పలుకుతుందన్న భరోసా లేదు. చాలా భయమేసింది. అయినా డబ్బింగ్ ఇన్‌చార్జికి ఫోన్ చేశాను.

"ఏప్రిల్లో నేను మంచు కొండలకి వెళ్తున్నానండీ. వచ్చాక గొంతు ఎలా ఉంటుందో చెప్పలేను. వేరే ఎవరినైనా చూసుకోండి."

"మంచులోకా? మీరా?" అన్నారాయన. "ఎవరైనా బలవంతం చేశారామ్మా?"

"లేదండీ. పిల్లల్ని గట్టిగా పిలవాల్సిన పనుంది."

ఆయనకి ఒక్క ముక్కా అర్థమై ఉండదు. ఆలోచించి చెప్తానన్నారు. ఇది రాసే సమయానికి ఇంకా చెప్పలేదు. లాస్య నా వైపే చూస్తూ కూర్చుంది. అది కళ్లల్లో నీళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. నిఖిల్ లేచి పైకి వెళ్లి ఎర్ర కోటు పట్టుకొచ్చాడు.

ఫణి గారికి నాలుగో టికెట్ అని ఫోన్ చేస్తే ఆ విమానంలో మా ధరకి ఇక మూడే ఉన్నాయన్నారు. కాబట్టి వాళ్లు ముగ్గురూ పొద్దున విమానంలో వెళ్తారు, నేను ఢిల్లీ మీదుగా సాయంత్రానికి చేరతాను. కావాలంటే నేను తర్వాత వస్తానని మా వారు, వద్దు నేనే అని లాస్య, రెండు రోజులుగా వాదించుకుంటున్నారు. ఎవరు ఏ విమానంలో ఎక్కుతారో నాకైతే ఇప్పటికీ అయోమయంగానే ఉంది. మంచు ఉంటుందో లేదో, నేను ఆ కర్రల మీద నిలబడతానో లేదో, తిరిగొచ్చాక నాకు పని ఉంటుందో లేదో, ఏదీ తెలియదు. పిల్లలు ఎదురుపడి అడిగితే నేను వస్తాననీ, వచ్చి రూములోనే కూర్చుంటాననీ వాళ్లకి ముందే తెలుసు. ఆ మాట నన్ను ఇంకా గుచ్చుతూనే ఉంది. ఈసారి మాత్రం కొండ మీద ఎవరు పడ్డా పేరు పెట్టి అరుస్తాను. గొంతు పోతే పోనీ.

మీరూ పిల్లలతో ఇలాంటి ప్రయాణం అనుకుంటుంటే ఒక్క సలహా. టికెట్లు తీసే ముందు ఎంతమంది అని లెక్కపెట్టి ఊరుకోకండి. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, ఎవరెవరు వస్తున్నారో ఒక్కొక్కరి పేరూ పైకి చెప్పించండి. మా ఇంట్లో నా పేరు ఎవరూ చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు.