ఇంకొకటి తీసేద్దాం

వెబ్ డిజైన్ చివరి ఏడాదిలో నా ప్రాజెక్టు జోడీగా ఉన్న అమ్మాయిని తలచుకుంటే ఆమె బొటనవేలే గుర్తొస్తుంది. "ఇంకొకటి తీసేద్దాం," అంటూ తెరమీద నేను పెట్టిన ఫొటోను దాంతో కప్పేసేది.

క్యాంపస్‌కు కొత్తగా వచ్చేవాళ్లకు తార్నాకలో అద్దె గదులు చూపించే వెబ్‌సైట్ మాది. నేనేమో గాజుల కొట్టువాళ్ల పిల్లాణ్ణి. సరుకు నిండుగా కనబడకపోతే గిరాకీ మెట్టెక్కదని నమ్మే వంశం. అందుకే ఒక్కో ఫొటోకూ బేరమాడేవాణ్ణి.

"గిదొక్కటి ఉండనీ తల్లీ!"

"ఉండనిస్త. ఫొటోల బరువుకు పేజీ ఓపెన్ కాకుంటే సార్‌కు నువ్వే చెప్పుకోవాలె."

ప్రతిసారీ నేనే ఓడేవాణ్ణి.

చివరి పరీక్షనాడు, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు మా ల్యాప్‌టాప్ పక్కకు జరిపి తన పాత ఫోన్ తీశాడు. ఆ గదిలో సిగ్నల్ అంతంతమాత్రం. మాకంటే ముందు వెళ్లిన జోడీ పేజీ అందులో తెరుచుకోక, వాళ్లు ఏడుపు మొహాలతో బయటికెళ్లారు. నా జోడీ అమ్మాయికి అప్పటికే ఉద్యోగం ఖాయమైంది, కానీ పాసైతేనే. ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంది. ఆమె బొటనవేలిని పిడికిట్లో బిగించింది.

పేజీ తెరుచుకుంది.

"ఇంతేనా? ఇంకో నాలుగు ఫొటోలు పెట్టకపోయిన్రా?" అన్నాడాయన.

నేనెక్కడ బేరానికి దిగుతానోనని ఆమె భయంగా నావైపు చూసింది.

"లేదు సార్," అన్నాను. "ఫిక్స్‌డ్ రేటు."