పార్కు గేటు దాటి అత్త ఇంటికి

మా చిన్నప్పుడు... మేము ఎక్కిన బస్సు ఆ ఆటల పార్కు గేటు ముందు నుంచే పోయింది. ఆగలేదు.

కిటికీలోంచి జెయింట్‌వీల్ కనిపిస్తే నేనూ తమ్ముడూ ఒకరి మీద ఒకరు పడి చూశాం. "నాయనా, ఈడనే దిగిపోదామా?" అన్నాను. నాయన సంచి ఒళ్లోకి లాక్కుంటూ, "మొదట అత్త ఇల్లు పాపా. ఆడ దిగి, రేపు పొద్దున్నే వస్తాము" అన్నాడు.

మాది పుదుచ్చేరిలో రెడ్డియార్‌పాళయం. మద్రాసుకు పోయే సముద్రం రోడ్డు మీదే ఆ పార్కు. ఇంటి దగ్గర తెల్లారగానే బస్సెక్కితే, గేటు తెరిచే వేళకు అక్కడుండొచ్చు. కానీ మా అత్త, అంటే నాయనకు అక్క, ఉండేది మద్రాసుకు ఆ కొసన తండయార్‌పేటలో. తోడబుట్టినది ఉన్న ఊరికి పోయి, ఆమె ఇంట్లో దిగకుండా, ఒక పూట తిని చెయ్యి కడగకుండా తిరిగొస్తే మా వాళ్లల్లో అంతకన్నా తప్పు లేదు. అందుకని గేటు దాటి, ఊరంతా దాటి, ఇంకో రెండు బస్సులు మారి అత్త ఇంటికి పోవాలి... మరునాడు అంత దూరమూ వెనక్కి రావాలి. ముక్కు ఏదంటే తల చుట్టూ తిప్పి చూపించడం అంటే ఇదే.

నాకు కావలసింది జెయింట్‌వీల్ కాదు, అలల కొలను. బడిలో ఒక పిల్ల చూసొచ్చి చెప్పింది... గంట కొడతారట, కొలనులో అలలు లేస్తాయట, అందులో మునిగి ఆడొచ్చట. మాకు పక్కనే సముద్రం ఉందన్న మాటే గానీ ఒడ్డంతా రాళ్లు, కాలు పెట్టనిచ్చేవాళ్లు కాదు. ఆ కొలను కోసం ఏడాది పాటు నాయన ప్రాణం తీశాను.

మరునాడు ఆరింటికే స్నానాలు చేసి కూర్చున్నాం. అత్త అప్పటికే రుబ్బురోలు ముందు ఉంది.

"ఇడ్లీ తిని పోతాము అక్కా" అన్నాడు నాయన.

"ఏందిరా, కూడు తినకుండా పొయ్యేదానికా ఇంత దూరం వచ్చింది? గారె, పాయసం లేకుండా పంపిస్తే నేనొక ఆడబిడ్డనా?"

నాయన గడియారం చూసుకున్నాడు. అమ్మ నా వైపు చూసింది. ఉన్నది ఒక్క కిరసనాయిలు స్టవ్వు... పప్పు దిగాక కూర, కూర దిగాక గారెలు. ఆకులు వేసేసరికి పదకొండు దాటింది. తిన్నాక, రేపు తెల్లారకముందే ఊరికి పోతారు కదా అని అత్త అప్పుడే అమ్మకు బొట్టు పెట్టి, రవికె గుడ్డ కోసం పెట్టె అంతా వెదికి... నేను చెప్పులేసుకుని వాకిట్లోనే నిలబడ్డాను.

గేటు దగ్గర దిగేసరికి మూడు. లోపల ఎక్కడ చూసినా వరసలే. తోసుకుంటూ కొలను దగ్గరకు చేరేసరికి నీళ్ల ఆటలు ఆపే వేళయిందని కాపలా మనిషి తాడు కట్టేస్తున్నాడు. పిల్లలు తడిసి వణుకుతూ పైకి వస్తున్నారు. "మళ్లీ వస్తాములే పాపా" అన్నాడు నాయన. మళ్లీ రాలేదు... ఏదో ఒకటి అడ్డొచ్చేది, తర్వాత నాకు ఆ వయసూ పోయింది.

పార్కులో మోసుకు తిరగలేమని సామానంతా అత్త ఇంట్లోనే పెట్టి రావడంతో, ఆ రాత్రికి మళ్లీ అక్కడికే పోయాం. "నీళ్లల్లో బాగా ఆడుకుంటివా పాపా?" అని అడిగింది అత్త. నేను మొహం తిప్పుకుని లోపలికి పోయాను. ఆ కోపం చాలా ఏళ్లు ఉండిపోయింది. పెళ్లిళ్లలో ఎదురుపడినా పొడిపొడిగా రెండు మాటలు, అంతే.

మొన్న సెలవుల్లో నా పిల్లలిద్దరినీ అదే పార్కుకు తీసుకుపోయాను. వారం రోజులు ఫోన్ ముందేసుకుని వెదికి, గేటుకు ఎదురుగా గది పట్టాను. ముందు నీళ్ల ఆటలు, ఎండ ముదిరాక భోజనం, కాసేపు గదిలో పడక, సాయంత్రం మిగతావి... అన్నీ రాసిపెట్టుకున్నాను. తెరవగానే లోపల ఉన్నాం. మొదటి గంట కొట్టేటప్పటికే పిల్లలు కొలనులో ఉన్నారు. నేను గట్టు మీద చెప్పులకూ సంచులకూ కాపలా.

మధ్యాహ్నానికి వాళ్లకు విసుగొచ్చింది. గదికొచ్చి చెరో మూల ఫోన్లు పట్టుకున్నారు, సాయంత్రం కదలమంటే కదలలేదు. నాకు ఒళ్లు హూనమైంది. తిన్నారా అని అడగడానికి ఎవరూ లేరు... పొట్లాలు తెప్పించింది నేనే, విప్పి పెట్టింది నేనే.

పిల్లల ఫోటో స్టేటస్‌లో పెట్టాను. కాసేపటికి అత్త ఫోన్ చేసింది. మనవరాలు చూపించిందట. ఇంటికి రాలేదని తిడుతుందనుకుని, "ఒకటే దినం అత్తా... టైము లేకపోయింది" అని సాకు చెప్పాను.

"దాందేముంది పాపా, యాడ దిగితే ఏంది. పిలకాయలు బాగా ఆడుకున్నారా?" అంది. మళ్లీ తనే, "ఒక మాట చెప్పి ఉంటే నేనూ వచ్చేదాన్ని. నీళ్లల్లో దిగనులే... ఊరికే కూర్చోని చూసేదాన్ని. ఇన్నేండ్లుగా ఈ ఊర్లోనే ఉండాను, అది ఎట్టుంటాదో నాకు తెలీదు" అంది.

ఆ రోజు నలుగురం ఆమె చేతి వంట తిని గడప దాటాం. నువ్వూ రా అత్తా అని నలుగురిలో ఒక్కరికీ తోచలేదు. నాకు ఒక్క పూట పోయిందని ఇన్నేళ్లు ఆమె మీద కోపం పెట్టుకున్నాను... మొన్న వారం రోజులు అన్నీ ఆలోచించినప్పుడు కూడా ఆమె గుర్తు రాలేదు.

"ఈ తూరి మనం పోదాం అత్తా" అన్నాను.

"ఇంకేడ పాపా... వాకిలి మెట్టు దిగేదానికే ఇద్దరు పట్టుకోవాల" అని నవ్వేసింది.

ఇప్పుడు ఎవరింట్లోనూ దిగనక్కర్లేదు, ఎవరి గారెల కోసమూ ఆగనక్కర్లేదు. టైము బోలెడంత మిగులుతోంది... ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

మీరూ చిన్నప్పుడు ఏ చుట్టాలింట్లోనో దిగి ఆటలకు పోయే ఉంటారు. ఆ రోజు మీ వెంట రాకుండా వంటింట్లో ఉండిపోయింది ఎవరో ఇక్కడ రాయండి... ఆమె ఇంకా నడవగలిగితే, ముందు ఆమెకు ఫోన్ చెయ్యండి.